ధైర్యం చెప్పే ముందు

క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరు గది తలుపు దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట మళ్లీ మళ్లీ వినబడుతుంది. పేషెంటును లోపల కుర్చీలో కూర్చోబెట్టి, కొడుకో అల్లుడో ఓ అడుగు వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అంటాడు: "మేడం, ఆయనకు జబ్బు పేరు చెప్పకండి. తట్టుకోలేడు." కొందరు రిపోర్టులను ఇంట్లో బీరువాలో దాస్తారు. కొందరు ఆసుపత్రి బోర్డు కనబడకుండా ఆటోను పక్క గేటు దగ్గర ఆపిస్తారు. ఇదంతా ప్రేమతోనే చేస్తారు, కళ్లనీళ్లు పెట్టుకుని చేస్తారు. ఆ ప్రేమే జబ్బు మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో, ఆ ఒంటరితనంలోంచి బయటికి తీసుకురావడానికి మనం ఏం చేయగలమో ఈరోజు మాట్లాడుకుందాం.

నేను క్యాన్సర్ రోగులతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడే ఉద్యోగం చేస్తాను. మందులు రాసేది డాక్టర్లు, ఎక్కించేది నర్సులు. నా పనిలో ఎక్కువ భాగం వినడమే. నేను విన్న కొన్ని సంగతులను, ఎవరివో తెలియకుండా మార్చి చెబుతాను.

అరవై దాటిన ఒకావిడ గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో వచ్చేది. వారానికి ఐదు రోజులు రేడియేషన్. మన ఊళ్లలో దాన్ని కరెంటు పెట్టించుకోవడం అంటారు కదా, ఆవిడా అలాగే అనేది. పిల్లలు ఆవిడకు కడుపులో పుండు అని చెప్పారు. ఒకరోజు కొడుకు మందుల కౌంటరు దగ్గర లైన్లో ఉన్నాడు. ఆవిడ నా పక్కకు జరిగి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: "నాకు తెలుసులేమ్మా. ఈ బెంచీ మీద కూచునే వాళ్లందరికీ అదే జబ్బంట. నాకొక్కదానికే పుండా? నాకు తెలిసిపోయిందని పిల్లలకి తెలిస్తే బెంగెట్టుకుంటారు. నువ్వు మాత్రం చెప్పకు." కొడుకు తల్లి కోసం దాస్తున్నాడు, తల్లి కొడుకు కోసం దాస్తోంది. రోజూ ఒకే ఆటోలో వస్తారు, ఒకే టిఫిన్ డబ్బాలో తింటారు, అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. ఆవిడ మనసులో ఉన్నవి పెద్ద విషయాలేం కావు. చేతి గాజులు చిన్నకూతురికి ఇవ్వాలి, కోడలికి కోపం రాకుండా ఇవ్వాలి. అక్క ఊరు వెళ్లి రెండు రోజులు ఉండి రావాలి. ఈ మాటలు ఎవరితో అంటుంది? అంటే తనకు తెలిసిపోయిందని బయటపడుతుంది.

ఇది మన దేశానికే ప్రత్యేకం అనుకోకండి. 1961లో అమెరికాలో చికాగో డాక్టర్లను అడిగితే, నూటికి తొంభై మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే ప్రశ్న మళ్లీ డాక్టర్లను అడిగితే నూటికి 97 మంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో మనుషుల గుండెలేం గట్టిపడలేదు. చికిత్సలు మెరుగయ్యాయి, రోగి ఒప్పుకోలు లేకుండా చికిత్స చేయడం తగదన్న ఆలోచన బలపడింది, చెబితే కూలిపోతారన్న భయం చాలావరకు తప్పని అనుభవం మీద తేలింది. చెప్పిన రోజు ఏడుస్తారు. ఆ తర్వాత చాలామంది అడిగేది, "అయితే ఇప్పుడేం చేయాలి?" అని.

అలాగని అందరి ముందూ రిపోర్టు చదివి వినిపించమని నేననడం లేదు. తెలుసుకోవడం ఆ మనిషి హక్కు, తెలుసుకోకుండా ఉండడం కూడా ఆ మనిషి హక్కే. మేం చేసేది ముందుగా ఒక మాట అడగడం: "మీ జబ్బు గురించి వివరాలు మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?" కొందరు నిజంగానే, "మా పెద్దోడికి చెప్పండి, వాడు చూసుకుంటాడు" అంటారు. అది వాళ్ల నిర్ణయం, మేం దాన్ని గౌరవిస్తాం. ఎక్కువమంది మాత్రం కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు. ఇంటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఆయన అడగకపోతే బలవంతంగా చెప్పను, అడిగితే అబద్ధం చెప్పను. ఈ మాటకు చాలా కుటుంబాలు ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నాక వాళ్ల మొహంలో కూడా బరువు దిగినట్టు కనబడుతుంది, ఎందుకంటే అబద్ధం మోయడమూ చిన్న పని కాదు.

జబ్బు పేరు తెలిశాక రెండో రకం మౌనం మొదలవుతుంది. అది "ధైర్యంగా ఉండు" అన్న మాటతో వస్తుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అనే మాట. ఆపిల్ పళ్ల సంచి మంచం పక్కన పెట్టి, "మనసు గట్టిగా ఉంచుకో, సగం జబ్బు అదే పోతుంది, ఏడవకూడదు" అని చెప్పి వెళతారు. పడుకున్న మనిషి తల ఊపుతాడు. తల ఊపకపోతే ఇంకో పావుగంట ధైర్యం చెబుతారు మరి. ఆ తర్వాత అతనికి రాత్రి భయం వేసినా ఎవరితోనూ అనడు. అంటే ధైర్యం లేనివాడవుతాడు. ఏడుపు వస్తే, ఏడిస్తే జబ్బు ముదురుతుందేమోనని ఏడుపుకే భయపడతాడు. ఉన్న బాధ చాలదని బాధపడుతున్నందుకు తప్పు చేసిన భావం కూడా నెత్తినెక్కుతుంది. ఇది చాలా అన్యాయమని నా అభిప్రాయం.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 1977లో జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు క్యాన్సర్ రోగుల మనసు కోసమే ఒక విభాగం మొదలుపెట్టారు. సైకో-ఆంకాలజీ అని ఇవాళ పిలిచే శాఖ ఆమె కృషితోనే నిలబడింది. 2017లో కన్నుమూసేదాకా ఆమె ఆ పని వదల్లేదు. నవ్వుతూ ఉండి తీరాలి, లేకపోతే బతకరు అని రోగుల మీద రుద్దడాన్ని ఆమె ఒక నిరంకుశత్వంగా చూశారు, దానికి గట్టిగా ఎదురు నిలిచారు. ఆమె మాటకు పరిశోధన బలమూ ఉంది. తల, మెడ క్యాన్సర్లున్న వెయ్యీ తొంభై ముగ్గురు రోగుల వివరాలను పరిశీలించి, మనసు ఎంత ఉల్లాసంగా ఉందన్నదానికి ఎంతకాలం బతికారన్నదానికి సంబంధం కనబడలేదని పరిశోధకులు 2007లో ప్రచురించారు.

అంతకుముందు సంగతి ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ స్పీగెల్ అనే డాక్టరు, శరీరమంతా పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలను వారానికోసారి ఒక గదిలో కూర్చోబెట్టి, మరణభయంతో సహా అన్నీ మాట్లాడుకోనిచ్చారు. అలా కలిసినవాళ్లు ఎక్కువకాలం బతికారని 1989లో ఆయన ప్రకటిస్తే ప్రపంచమంతా పొంగిపోయింది. 2001లో కెనడాలో ఇంకా ఎక్కువమందితో అదే పద్ధతిని పరీక్షించి చూస్తే ఆయుష్షు పెరగలేదు. కానీ ఆ గదిలో కూర్చుని మాట్లాడుకున్న స్త్రీలకు మనోవేదన తగ్గింది, ఒంటి నొప్పి కూడా తక్కువగా తెలిసింది. నాకు ఈ రెండో ఫలితమే ఎక్కువ ఇష్టం. ఏడ్చినందుకు ఎవరి జబ్బూ ముదరదు, మాట్లాడుకున్నందుకు ఉన్న రోజులు కాస్త తేలికవుతాయి. మనసు బాధను పట్టించుకోవడానికి ఆయుష్షు పెరగాలన్న షరతు ఎందుకు? బాధ తగ్గడం చాలదా?

మరి ఏ బాధ మామూలుది, ఏది వైద్యం అవసరమైనది? క్యాన్సర్ అని తెలిశాక దిగులు పడడం, నిద్ర పట్టకపోవడం, దేవుణ్ణి తిట్టడం, అన్నం సహించకపోవడం, ఇవన్నీ మనిషి లక్షణాలు. చాలామందికి కొద్ది వారాల్లో, చికిత్స ఒక దారిలో పడ్డాక, ఇవి కొంత సర్దుకుంటాయి. సర్దుకోనివాళ్లు తక్కువేం కాదు. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి 2011లో లెక్క తీస్తే, ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్స పొందుతున్న ప్రతి వందమందిలో ముప్ఫై నుంచి నలభై మందికి డిప్రెషనో, ఆందోళన వ్యాధో, పరిస్థితికి సర్దుకోలేని మానసిక ఇబ్బందో ఉన్నట్టు తేలింది. మన దేశంలో ఏటా సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడుతోంది. ఆ లెక్కన ఎన్ని ఇళ్లో మీరే ఊహించండి.

క్యాన్సర్‌లో డిప్రెషన్‌ను గుర్తించడం కొంచెం కష్టమే. ఆకలి లేకపోవడం, నీరసం, బరువు తగ్గడం జబ్బు వల్లా వస్తాయి, కీమో వల్లా వస్తాయి. అందుకని మేం ఇంకో వైపు చూస్తాం. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చున్నా మొహంలో వెలుగు లేదా? వినాయక చవితి వచ్చినా, ఇష్టమైన సీరియల్ వచ్చినా దేనిమీదా ఆసక్తి లేదా? "నేను మీకు బరువైపోయాను, నా వల్ల అప్పుల పాలయ్యారు" అని పదే పదే అంటున్నారా? రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు ఇలాగే ఉంటే అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. పెద్ద జబ్బు వచ్చినవాడికి దిగులుండదా అని కొట్టిపారేయడం వల్లే చాలామందికి వైద్యం అందడం లేదు. కాలు విరిగినవాడికి నొప్పి సహజమే, సహజమని మందు ఇవ్వకుండా ఉంటామా?

కొన్నిసార్లు దిగులు మందుల్లోంచే వస్తుంది. కీమోతో పాటు వాంతులు రాకుండా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఒంట్లో ఉన్న రెండు మూడు రోజులు కొందరికి నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది, ఆగకుండా మాట్లాడతారు. అది దిగిపోయాక ఒక్కసారిగా కుంగిపోతారు. ఇంట్లోవాళ్లేమో "జబ్బొచ్చాక ఈయన గుణమే మారిపోయింది" అనుకుంటారు. ఒక భార్య నాతో ఆ మాటే అంటే, ఇద్దరం కూర్చుని క్యాలెండర్‌లో గీతలు పెట్టి చూశాం. ఆయన ప్లేటు విసిరిన రోజులన్నీ కీమో మర్నాడే. అది చూశాక ఆవిడ భర్తను వేరేగా చూడగలిగింది, డాక్టరు ఆ మందు వేళనూ మోతాదునూ సర్దారు. మెడకు రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లలో కొందరికి నెలలు గడిచాక థైరాయిడ్ మందగించి, అచ్చం డిప్రెషన్‌లాగే మబ్బుగా, నిస్సత్తువగా ఉంటుంది. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. ఇక నొప్పి సంగతి వేరే చెప్పాలా? నొప్పితో రాత్రంతా మేలుకున్న మనిషికి ధైర్యం నేర్పడం కన్నా, నొప్పికి సరైన మందు ఇప్పించడం ముందు పని. మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని భయపడతారు. నొప్పి ఉన్నవాళ్లకు డాక్టరు లెక్కగట్టి ఇచ్చే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. నొప్పిని, ఆయాసాన్ని, మనసు బాధను కలిపి చూడడమే వాళ్ల పని. అక్కడికి పంపితే ఇక ఆశ వదులుకున్నట్టేనని చాలామంది హడలిపోతారు. 2010లో బోస్టన్‌లో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకు చికిత్స మొదట్లోనే ఈ సేవ కూడా కలిపి ఇచ్చి చూశారు. వాళ్లలో డిప్రెషన్ తగ్గింది, మిగతావాళ్ల కన్నా రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. కాబట్టి ఆ గది తలుపు తట్టడానికి ఆఖరి రోజుల దాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయానికి వస్తాను. ఉత్తరాంధ్రలో, విశాఖ, శ్రీకాకుళం వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. తల్లుల దగ్గర్నుంచి కూతుళ్లకు వచ్చిన అలవాటు. ఆ వేడికి అంగిలి తెల్లబారి, చివరికి కొందరికి అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. వైద్య పుస్తకాల్లో కూడా ఆ ప్రాంతం గురించి రాశారు. అలాంటి ఒక పెద్దావిడ, పై దవడ ఎముక కొంత తీసేశాక, ముక్కుతో మాట్లాడుతూ అన్నది: "నా సేతులారా తెచ్చుకున్నాను గదా, ఇంకెవల్ననగల్ను?" ఆవిడకు అంతకుముందు ఒక్కసారైనా ఎవరైనా నోరు తెరిపించి చూశారా, ఇది ప్రమాదమని చెప్పారా? చెప్పలేదు. జబ్బు వచ్చాక మాత్రం ప్రతివాళ్లూ చెప్పారు. గుట్కా తిన్నవాడికీ, సిగరెట్ తాగినవాడికీ ఇదే జరుగుతుంది. పొగాకు మాన్పించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మాన్పించడం వేరు, మంచం మీద ఉన్నవాణ్ణి నిలదీయడం వేరు. తప్పు చేశానన్న భావంతో కుంగిపోయినవాళ్లు మానలేరు సరికదా, ఆసుపత్రికి రావడమే మానేస్తారు.

పొగాకు ముట్టనివాళ్లకూ వదలదు ఈ నింద. ఏ జన్మలో చేసిన పాపమో అంటారు. ఆ ఇంటి పిల్లను చేసుకోవచ్చా అని గుసగుసలు పోతారు. కంచం, గ్లాసు విడిగా పెడతారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకున్నా రాదు. కీమో తీసుకునేవాళ్లకు ఇన్ఫెక్షన్లు సులభంగా సోకుతాయి కాబట్టి, జలుబూ జ్వరమూ ఉన్నవాళ్లు వాళ్లకు దూరంగా ఉండాలి. అది వాళ్ల రక్షణకు. ఆ విడి గ్లాసు మాత్రం దేనికీ రక్షణ కాదు. రోజుకు ఎన్నిసార్లు మంచినీళ్లు తాగితే అన్నిసార్లు ఆ మనిషికి గుచ్చుకుంటుంది.

శరీరం మారిపోయినప్పటి బాధను మన ఇళ్లలో అసలు పైకి అననివ్వరు. రొమ్ము తీసేసిన ఆమె అద్దం ముందు నిలబడలేక, స్నానాల గదిలో లైటు వేసుకోదు. "వయసు అయిపోయింది కదా, ఇంకెందుకు అవి" అని సాటి ఆడవాళ్లే అంటారు. యాభై ఏళ్లామెకు తన ఒళ్లు తనది కాకుండా పోతుందా? గర్భసంచి ముఖద్వారానికి రేడియేషన్ తీసుకున్నాక యోని బిగుసుకుపోయి కలయిక నొప్పిగా ఉంటుంది. దానికి సాధనాలున్నాయి, జెల్ ఉంది, నర్సు నేర్పించే పద్ధతి ఉంది. కానీ డాక్టరు అడగడు, ఆమె చెప్పదు, భర్తకు అర్థం కాదు, ఇద్దరూ రెండు గదుల్లో పడుకోవడం మొదలవుతుంది. దవడ తీసేసిన మగవాడు పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు, ఎందుకంటే పంక్తిలో కూర్చుంటే అన్నం పక్కకు కారుతుంది. మలం కోసం పొట్ట మీద సంచి పెట్టినవాడు, వాసన వస్తుందేమోనని బస్సెక్కడు. ఆపరేషన్‌కు ముందే ఈ సంగతులు చెప్పి, అలాంటి ఆపరేషన్ అయి తిరుగుతున్న ఇంకో మనిషిని చూపిస్తే చాలా తేడా ఉంటుంది. మేం వంద మాటల్లో చెప్పలేనిది, ఆ మనిషి చొక్కా పక్కకు తీసి, "ఇదిగో, నేను రోజూ పొలానికి పోతున్నా" అంటే అర్థమైపోతుంది.

డబ్బు సంగతి మనసు సంగతే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ఎంతోమంది పేదలకు అందాయి. అయినా తోడొచ్చినవాడి కూలి పోతుంది, బస్సు చార్జీలు, గది అద్దె, బయట కొనే మందులు ఉంటాయి. "ఇంకో రెండు కీమో సైకిళ్లు వద్దులే" అని ఒకాయన పట్టుబట్టాడు. అందరూ ఆయన భయపడుతున్నాడనుకున్నారు. విడిగా అడిగితే, కూతురి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన నెల అది. ధైర్యం ఎంత చెప్పినా ఆ ఫీజు కట్టలేం కదా. ఆసుపత్రి సోషల్ వర్కర్ ద్వారా ఉచిత వసతి, భోజనం దొరికాక, ఆయనే వచ్చి సూది వేయించుకున్నాడు.

ఎవరూ ఊహించనిది చికిత్స పూర్తయ్యాక వచ్చే దిగులు. ఆఖరి కీమో రోజున వార్డులో స్వీట్లు పంచుతారు. అత్తవారింటి నుంచి, పుట్టింటి నుంచి ఫోన్లు. ఆ మనిషి ఇంటికి వెళ్లిన వారానికే ఒక మూల కూర్చుని ఏడుస్తుంది. అందరికీ ఆశ్చర్యం, "అంతా అయిపోయింది కదా, ఇప్పుడెందుకు?" అని. అన్నాళ్లూ రోజుకో పని ఉండేది, నర్సులు పలకరించేవాళ్లు, జబ్బుతో పోరాడుతున్నామన్న ఊపు ఉండేది. ఇప్పుడు ఒక్కసారిగా మూడు నెలల తర్వాత రమ్మని చీటీ ఇచ్చి పంపేశారు. ఇన్నాళ్లూ ఏడవడానికి తీరిక దొరకలేదు, ఇప్పుడు దొరికింది. ఫిట్జ్‌హ్యూ మల్లన్ అనే అమెరికన్ డాక్టరు తనకే క్యాన్సర్ వచ్చి కోలుకున్నాక, 1985లో ఒక వైద్య పత్రికలో ఈ సంగతి రాశారు. జబ్బు తగ్గడంతో కథ అయిపోదని, కోలుకున్నవాళ్ల జీవితానికి కూడా దశలుంటాయని, ఆ దశల్లోనూ వైద్యం వాళ్ల పక్కన ఉండాలని ఆయన వాదన. తలనొప్పి వస్తే మెదడుకు పాకిందేమో, నడుము పట్టేస్తే ఎముకకు పాకిందేమో అని అనిపిస్తూనే ఉంటుంది. చెకప్‌కు ముందు వారం నిద్ర ఉండదు. ఆ వారం ఇంట్లో ఎవరైనా, "స్కాన్ దగ్గర పడుతోంది కదా, భయంగా ఉందా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఏ నొప్పికి వెంటనే రావాలో, ఏ నొప్పికి అక్కర్లేదో డాక్టరు చేత ముందే కాగితం మీద రాయించుకుంటే సగం భయం దానితోనే పోతుంది.

ఇక ఇంట్లోవాళ్లు. ఆసుపత్రి వరండాల్లో, మంచాల కింద చాపలు పరుచుకుని పడుకునేది ఎక్కువగా భార్యలు, కూతుళ్లు, కోడళ్లు. పేషెంటుకు గంజి కాచి తాము బిస్కెట్లతో కాలం గడుపుతారు, తమ బీపీ మాత్రలు మర్చిపోతారు. వాళ్లలోనూ డిప్రెషన్ రోగుల్లో ఉన్నంతగా ఉంటోందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆమెను "మీరు తిన్నారా, ఎప్పుడు పడుకున్నారు?" అని అడిగితే ముందు నవ్వుతుంది, తర్వాత కళ్లు తుడుచుకుంటుంది. చుట్టాలు నిజంగా సాయపడాలంటే ఒక రాత్రి ఆ చాప మీద తాము పడుకుని, ఆమెను ఇంటికి పంపాలి.

పిల్లలకు ఏమీ తెలియదనుకుంటాం. ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు బడిలో మాట్లాడడం మానేశాడు. తల్లికి రక్త క్యాన్సర్. చాలాసేపు బొమ్మలు వేయించాక చెప్పాడు, తను హోంవర్క్ చేయనందుకు అమ్మ బాగా అరిచిందట, ఆ రాత్రే అమ్మకు జ్వరం వచ్చిందట. ఆ చిన్న బుర్ర లెక్క అలా కట్టింది. పిల్లలకు మూడు విషయాలు చెప్పి తీరాలి: జబ్బు పేరు ఇది, నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు. ఆపైన వాళ్లు అడిగినదానికి అడిగినంతే చెప్పాలి. అమ్మకు జుట్టు ఊడుతుందని ముందే చెబితే, ఊడినరోజు పిల్లలు హడలిపోరు.

బాధను కొలవడానికి ఆసుపత్రుల్లో ఒక సాధనం వాడతారు. కాగితం మీద జ్వరం చూసే థర్మామీటర్ బొమ్మ ఉంటుంది, కింద సున్నా, పైన పది. "ఈ వారం రోజుల్లో, ఈరోజుతో కలిపి, మీ మనసు బాధ ఎంత?" అని అడుగుతారు. పక్కనే కారణాల పట్టిక ఉంటుంది: డబ్బు, ప్రయాణం, పిల్లలు, నొప్పి, నిద్ర, భయం. నాలుగు, ఆపైన చెబితే ఎవరో ఒకరు కూర్చుని వివరంగా మాట్లాడాలి. కెనడాలో 2004లోనే, నాడి, జ్వరం, బీపీ, శ్వాస, నొప్పి తర్వాత మనసు బాధను ఆరో ముఖ్య లక్షణంగా లెక్కించాలని నిర్ణయించారు. అంటే ప్రతిసారీ అడగాలని. మన ఓపీల్లో ఒక డాక్టరు ముందు వందమంది ఉంటారు, నాకు తెలుసు. అయినా ఈ ప్రశ్న అడగడానికి డాక్టరే అక్కర్లేదు. బరువు చూసే నర్సు అడగొచ్చు. ఇంట్లో మీరూ అడగొచ్చు, పదికి ఎంత అని. చదువురాని పెద్దవాళ్లకు రూపాయిలో ఎన్ని అణాలు అని అడిగినా చెబుతారు. కెనడాకే చెందిన హార్వీ చోచినోవ్ అనే వైద్యుడు 1997లో ఇంకా సూటిగా చేసి చూశారు. చివరి దశలో ఉన్నవాళ్లను "దిగులుగా ఉంటున్నారా?" అని ఒక్క ప్రశ్న నేరుగా అడిగితే, పెద్ద ప్రశ్నావళుల కన్నా అదే బాగా పట్టిచ్చింది.

అడిగాక మనం ఏం చేయాలి? నోరు మూసుకుని వినాలి. "అలా అనకు, ఏం కాదు నీకు" అన్న మాట నాలుక చివర దాకా వస్తుంది, దాన్ని ఆపుకోవాలి. "ఏమేం ఆలోచనలొస్తున్నాయి?" అని ఇంకొంచెం అడగాలి. వినడంతో తీరని బాధకు వైద్యం ఉంది. కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మత్తుమందుల్లా అలవాటు పడేవి కావు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు, పారోక్సెటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు ఆ మాత్ర పనిని తగ్గించవచ్చు. అందుకని మానసిక వైద్యుడికి క్యాన్సర్ మందుల చీటీ, క్యాన్సర్ డాక్టరుకు మానసిక వైద్యుడి చీటీ తప్పకుండా చూపించండి.

ఇంకో మాట, ఇది స్పష్టంగానే చెప్పాలి. స్వీడన్‌లో అరవై లక్షల మందికి పైగా ప్రజల వివరాలతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. క్యాన్సర్ అని తెలిసిన మొదటి వారంలో ఆత్మహత్య ప్రమాదం మామూలు మనుషుల కన్నా పన్నెండు రెట్లకు పైగా ఉన్నట్టు అందులో తేలింది. ఆ దారి పట్టేవాళ్లు మొత్తం మీద కొద్దిమందే. కానీ ఆ మొదటి రోజుల్లో, జబ్బు తిరగబెట్టిందని తెలిసిన రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకండి. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసిన చోట పెట్టండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది, వస్తే సాయం చేయొచ్చు. అవునంటే కంగారుపడి తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. పక్కనే ఉండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు ఫోన్ నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. రాత్రైనా పగలైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జబ్బు ఉన్నవాళ్లే చేయాలని లేదు, వాళ్లను చూసుకునేవాళ్లూ చేయొచ్చు. జబ్బుతో పక్క గదిలో పడుకుని ఈ ప్రసంగం వింటున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, రేడియో కట్టేశాక వెళ్లి మంచం అంచున కూర్చుని, పదికి ఎంత ఉందో అడగండి. వాళ్లు చెప్పే అంకె నాలుగు గానీ ఆపైన గానీ ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు దగ్గు, వాంతుల కన్నా ముందు ఆ మాటే డాక్టరుకు చెప్పండి.